పిన్ని అడిగిన ప్రశ్న

నా మోకాలి ఎంఆర్‌ఐకి ఇన్సూరెన్స్‌ వాళ్లు ఒప్పుకోలేదంటే తెనాలి నుంచి పిన్ని ఫోన్లో విస్తుపోయింది. "డాక్టరు రాసిచ్చాక మళ్లీ ఎవర్నిరా అడిగేది?" ఆరోగ్యశ్రీ ముందస్తు అనుమతి (ప్రీఆథ్‌) కోసం ఆసుపత్రిలో పడిగాపులు కాసినవాళ్లయితే ఆ మాట అడగరు. ఇక్కడ అమెరికాలో దాన్ని ప్రయర్‌ ఆథరైజేషన్‌ అంటారు. నా కాగితాలు చూసింది మనిషో, కంప్యూటరో ఇంతవరకూ తెలీదు.

కాలిఫోర్నియా 2024లో చేసిన ఎస్‌బీ 1120 చట్టం సరిగ్గా దీని గురించే. సెనేటర్‌ జాష్‌ బెకర్‌ తెచ్చిన బిల్లు. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఏఐ ఫైళ్లు సర్దిపెట్టొచ్చు. 'ఈ వైద్యం అక్కర్లేదు' అనే మాట మాత్రం లైసెన్సున్న మనిషే అనాలి.

ఇందులో రాష్ట్రం పనేమిటంటే, కథ పాతది. 1880ల్లో వెస్ట్‌ వర్జీనియా డాక్టర్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది. డెంట్‌ అనే వైద్యుడి డిప్లొమా బోర్డుకు నచ్చలేదు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1889లో ఓడిపోయాడు. టెక్సస్‌ నుంచి ఒహాయోకు మారే మన తెలుగు డాక్టర్లు నేటికీ అక్కడి లైసెన్సు తెచ్చుకోవాల్సిందే. 1945లో మెకారన్‌-ఫెర్గసన్‌ చట్టం ఇన్సూరెన్స్‌నూ రాష్ట్రాలకే వదిలేసింది. కాబట్టి డాక్టరుకూ పాలసీకీ మధ్య దూరిన ఏఐ కూడా వాటి వాకిట్లోకే వచ్చిపడింది. థెరపిస్టు కుర్చీలో ఏఐని కూర్చోబెడితే 10,000 డాలర్ల దాకా జరిమానా అని ఇల్లినాయ్‌ 2025లో చట్టం చేసింది. రాష్ట్రాల ఏఐ చట్టాలను పదేళ్లు ఆపాలన్న ప్రతిపాదనను అదే ఏడాది జులైలో అమెరికా సెనేట్‌ 99-1 ఓట్లతో కొట్టేసింది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఎరిసాతో. 1963లో స్టూడీబేకర్‌ కార్ల ఫ్యాక్టరీ మూతపడి కార్మికుల పెన్షన్లు గల్లంతయ్యాయి. ఆ గొడవ ముదిరి ముదిరి 1974లో ఈ ఫెడరల్‌ చట్టమైంది. పెన్షన్ల కోసం పుట్టినదే అయినా, ఉద్యోగుల వైద్యాన్నీ తన కిందికి లాక్కుంది. కంపెనీ సొంత డబ్బుతో క్లెయిములు కట్టే ప్లాన్లకు రాష్ట్రాల ఇన్సూరెన్స్‌ నిబంధనలు వర్తించవు. పెద్ద కంపెనీలవి ఎక్కువగా ఇవే. హెచ్‌ఆర్‌ని అడిగితే మాదీ అదేనన్నారు. కార్డు మీద పేరు ఇన్సూరెన్స్‌ వాళ్లది, డబ్బు మా ఆఫీసుది.

ఫ్రీమాంట్‌లో టిఫిన్‌ సెంటర్‌ నడిపే మా బావమరిది కవర్డ్‌ కాలిఫోర్నియా అనే రాష్ట్ర ఇన్సూరెన్స్‌ మార్కెట్లో ప్లాన్‌ కొనుక్కున్నాడు. అతనికి ఎస్‌బీ 1120 రక్ష ఉంది. పొద్దస్తమానం ఏఐ మోడళ్లతో కుస్తీపట్టే నాకు లేదు. అప్పీలు పెట్టాను, మూడో వారం నడుస్తోంది.