కూలినా కూలని విమానాలు

1934 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రైవేటు విమాన కంపెనీల టపా కాంట్రాక్టులు రద్దుచేసి, ఉత్తరాలు మోసే పనిని సైన్యానికి అప్పజెప్పాడు. పగటి వెలుగులో నేలను చూసుకుంటూ నడపడం సైనిక పైలట్లకు బాగానే వచ్చు. చీకట్లో, మంచులో, కేవలం మీటర్లను నమ్ముకుని నడిపిన అనుభవం చాలామందికి లేదు. కొద్ది నెలల్లోనే పదిమందికి పైగా చనిపోయారు. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్టన్‌లో ఎడ్ లింక్ తయారుచేసిన పెట్టె మీద సైన్యం దృష్టి పడింది అప్పుడే. లింక్ కుటుంబానిది పియానోలు, ఆర్గన్లు చేసే వ్యాపారం. ఆర్గన్‌లో వాడే గాలితిత్తులతోనే అతను అటూ ఇటూ ఒరిగే చిన్న కాక్‌పిట్ కట్టాడు. 1929లో పుట్టిన ఆ పెట్టెను అంతవరకు ఎక్కువగా కొన్నది వినోదశాలల వాళ్లే. సైన్యం ఆరు తీసుకుంది.

ఆ పెట్టెలో మూత వేసుకుని కూర్చున్న విద్యార్థి ఆల్టిమీటర్ ముల్లును సున్నాకి దించేసినా ఏదీ విరగదు. పక్కనున్న బల్ల మీద చిన్న చక్రాల యంత్రం అతను ‘వెళ్లిన’ దారిని సిరాతో గీస్తుంది. తప్పు ఎక్కడ మొదలైందో శిక్షకుడు ఆ గీత మీద వేలుపెట్టి చూపిస్తాడు. మళ్లీ మొదటి నుంచి. ప్రాణం పోకుండా తప్పు చేసే వీలు కల్పించడమే సిమ్యులేటర్ పని. అలాంటి యంత్రం ఇళ్లలోకి వచ్చినప్పుడు, విమానం కూలినట్టు చూపించాలా, చూపిస్తే ఎంతవరకు అన్న ప్రశ్న కూడా వెంట వచ్చింది. నాలుగు దశాబ్దాలకు పైగా దానికి జవాబు సెట్టింగ్స్ మెనూలో ఓ మూల, టిక్కు పెట్టే చిన్న గడుల్లో మారుతూ వస్తోంది.

బ్రూస్ ఆర్ట్‌విక్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివాడు, స్వయంగా పైలట్. కంప్యూటర్ తెర మీద విమానం కిటికీలోంచి కనిపించే దృశ్యాన్ని గీయడం గురించి 1975లో సిద్ధాంత వ్యాసం రాశాడు. అతని సబ్‌లాజిక్ సంస్థ ఆపిల్ 2 కోసం విడుదల చేసిన మొదటి ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ప్రపంచమంటే గళ్లు గీసిన నేల, కొన్ని కొండగీతలు, అంతే. 1982 నవంబరులో మైక్రోసాఫ్ట్ పేరుతో ఐబీఎం పీసీకి వచ్చిన వెర్షన్ చికాగోలోని మెగ్స్ ఫీల్డ్ రన్‌వే మీద మొదలయ్యేది. పక్కనే మిషిగన్ సరస్సు. కొత్తవాళ్లలో చాలామంది మొదట దిగింది ఆ నీళ్లలోకే. అప్పటి కంప్యూటర్లకు మంటల్నీ ముక్కల్నీ గీసే శక్తి లేదు. ఒక మాట తెర మీద పడేది, ఆట మొదటికొచ్చేది. తర్వాతి వెర్షన్లలో ముందు అద్దం పగిలినట్టు గీతలు వచ్చాయి.

అయితే ఆర్ట్‌విక్ అసలు తెలివి ఎడిటర్ అనే సెట్టింగుల పేజీలో కనిపిస్తుంది. ఫ్లైట్ సిమ్యులేటర్ 2లో ‘రియాలిటీ మోడ్’ ఆన్ చేస్తే దీపాలు మాడిపోవచ్చు. హెడింగ్ గైరో మెల్లగా దారి తప్పుతుంది, దిక్సూచి చూసి అప్పుడప్పుడు సరిచేసుకోవాలి. విమానాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే ‘రిలయబిలిటీ’ అంకె కూడా ఆ పేజీలోనే ఉండేది. అది తగ్గిస్తే ఏదో ఒకటి చెడిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. కూలడం కంటే పాడవడమే పైలట్‌కు నిత్యం ఎదురయ్యే సంగతని అతనికి అప్పుడే తెలుసు. చిత్రమేమిటంటే, తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఈ పాడవడం కంటే ‘క్రాష్’ అన్న గడి చుట్టూనే ఎక్కువ చర్చ నడిచింది.

2006లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని రియలిజమ్ పేజీలో రెండు దారులు: క్రాష్‌లనూ డ్యామేజీనీ పట్టించుకోవద్దు, లేదా గుర్తించు. గుర్తించమంటే మరో రెండు టిక్కులు: విమానం మీద మితిమీరిన ఒత్తిడి పడితే దెబ్బతినాలా, ఇతర విమానాలను ఢీకొంటే లెక్కలోకి తీసుకోవాలా. ఇంజను ఒత్తిడికి వేరే గడి ఉంది. తెర వెనక ప్రతి విమానానికీ ఒక కాన్ఫిగరేషన్ ఫైలు. చక్రాలు, రెక్కల కొసలు, తోక కింది భాగం వంటి నేలను తాకగల బిందువులన్నీ అందులో రాసి ఉంటాయి. ఒక్కో బిందువు పక్కన ఒక అంకె: నిమిషానికి ఎన్ని అడుగుల వేగంతో తాకితే దెబ్బతింటుందో. క్రాష్ టాలరెన్స్ అనే స్లయిడర్ ఎంతవరకు సహించాలో నిర్ణయిస్తుంది.

కాగితం మీద ఇది చక్కని ఏర్పాటే. లోపం క్షేమంగా దిగడానికీ కూలడానికీ మధ్యనున్న భాగంలో ఉంది. గరిష్ఠ ల్యాండింగ్ బరువుతో సెకనుకు 10 అడుగుల వేగంతో, అంటే నిమిషానికి 600 అడుగుల చొప్పున, దిగినా తట్టుకునేలా రవాణా విమానం చక్రాల వ్యవస్థ ఉండాలని అమెరికా నిబంధన. నిజం విమానం గట్టిగా దిగితే పైలట్ లాగ్‌లో రాస్తాడు, ఇంజనీర్లు చక్రాల కాళ్లూ రెక్కల మొదళ్లూ వెతికి చూస్తారు, అవసరమైతే ఆ విమానం ఆ రోజుకి ఎగరదు. సిమ్యులేటర్‌లో కాన్ఫిగరేషన్ ఫైలులోని అంకెకు ఒక్క అడుగు తక్కువైతే ఏమీ కానట్టే, ఒక్క అడుగు ఎక్కువైతే ‘క్రాష్’ అనే మాట, వెంటనే ప్రయాణం మొదటికి. పది గంటలు నడిపి వచ్చినవాడికైనా అదే శిక్ష.

అందుకే అనుభవజ్ఞులు చాలామంది ఆ గడి ఆపేశారు. వాళ్లకు భయమో బద్ధకమో అనుకోవడం అన్యాయం. అభిమానులు తయారుచేసిన విమానాశ్రయాల్లో భవనాల చుట్టూ కంటికి కనిపించని క్రాష్ పెట్టెలు ఉండేవి. వంతెన కింద ఖాళీ కనిపిస్తుంది, విమానం గాలినే ఢీకొని ఆగిపోతుంది. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో తెరుచుకుంది, అంటే ఆ సాఫ్ట్‌వేర్ వచ్చాక. హైదరాబాద్‌ను నేటి రూపంలో చూడాలనుకున్న తెలుగు అభిమానులకు ఇలా బయటివాళ్లు కట్టిన సీనరీయే గతి. ఇక వ్యాట్‌సిమ్ వంటి ఆన్‌లైన్ నెట్‌వర్కుల్లో ఇబ్బంది మరొకటి: రన్‌వే చివర వేచి ఉన్న విమానం మీదే మరొకరు లాగిన్ అయి ప్రత్యక్షమైతే ఇద్దరూ కూలిపోతారు. ఢీకొనే గడి తీసేయమన్నది అక్కడ మామూలు సలహా.

చరిత్ర కూడా ఒకసారి ఈ సిమ్యులేటర్ మీద చెయ్యేసింది. ఫ్లైట్ సిమ్యులేటర్ 2002 విడుదలకు సిద్ధమవుతున్నప్పుడు సెప్టెంబరు 11 దాడులు జరిగాయి. న్యూయార్క్ దృశ్యంలోంచి జంట టవర్లను తీసేశాకే మైక్రోసాఫ్ట్ దాన్ని అక్టోబరులో బయటికి పంపింది.

ఇదే కాలంలో ఆస్టిన్ మేయర్ ఎక్స్-ప్లేన్ వేరే దారి పట్టింది. రెక్కను ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్క మీది గాలి బలాన్ని లెక్కగట్టే పద్ధతి దానిది కాబట్టి, వేగపరిమితి దాటితే రెక్క ఊడిపోయే సెట్టింగ్ అందులో సహజంగా ఇమిడింది. రెక్క పోయాక కూడా లెక్క ఆగదు. మిగిలిన విమానం ఎలా పడుతుందో అలా పడుతుంది. ఒక్కో పరికరం సగటున ఎన్ని గంటలకోసారి చెడిపోవాలో కూడా అందులో పెట్టుకోవచ్చు.

ఖాళీగా ఉన్న మధ్య భాగాన్ని నిజంగా పూరించింది మాత్రం విడిగా విమానాలు చేసి అమ్మే చిన్న సంస్థలు. ఏ2ఏ సిమ్యులేషన్స్ వారి ఆక్యూసిమ్ విమానాల్లో, ముఖ్యంగా 2013 నాటి సెస్నా 172లో, ఇంజను నిన్నటిని గుర్తుపెట్టుకుంటుంది. చల్లటి ఇంజనును స్టార్ట్ కాగానే పరుగెత్తిస్తే అరుగుదల పెరుగుతుంది. స్పార్క్ ప్లగ్గులకు మసి పట్టొచ్చు. బ్యాటరీ స్విచ్ ఆపకుండా వెళ్లిపోతే మర్నాడు ప్రొపెల్లర్ తిరగదు. తెర మీద ఎర్ర అక్షరాలేవీ పడవు. హ్యాంగర్ పేజీ తెరిచి, ఏ భాగం ఎంత అరిగిందో చూసుకుని, బాగుచేయించుకోవాలి. ఇంటి సిమ్యులేటర్ చరిత్రలో డ్యామేజీని ఇంత గౌరవంగా చూసిన పని మరొకటి లేదనే చెప్పాలి.

2020 ఆగస్టులో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ భూగోళాన్ని అద్భుతంగా చూపించింది. కూలడంలో మాత్రం వెనక్కే వెళ్లింది: నల్లటి తెర, కారణం చెప్పే ఒక వాక్యం. దిగేటప్పుడు కాస్త వేగం మీరినా ఒత్తిడి ఎక్కువైందంటూ ప్రయాణాన్నే ముగించేది. 2024 నవంబరులో వచ్చిన తర్వాతి వెర్షన్‌లో అరుగుదల, మరమ్మతు ఆటలోకే చేరాయి. కెరీర్ మోడ్‌లో సొంత విమానం కొన్నవాళ్లు దాన్ని మంచి స్థితిలో ఉంచుకోవడానికి ఆటలో సంపాదించిన డబ్బే ఖర్చుపెట్టాలి. ఆ లెక్క కెరీర్ గడప దాటి, సరదాగా ఒక్క రౌండు కొట్టివచ్చే మామూలు ప్రయాణాలకూ రావాలి. గట్టిగా దిగినవాడిని మొదటికి పంపే బదులు, చక్రం కాలు ఎంత వంగిందో చూపించి, బాగయ్యేదాకా ఆ విమానాన్ని హ్యాంగర్‌లోనే ఉంచితే, ‘క్రాష్’ గడిని ఆపేయాల్సిన అవసరం చాలామందికి ఉండదు.