అక్షరములకు ఒకే లెక్క



బందరులో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావుగారలు 1902లో కృష్ణాపత్రికను స్థాపించిననాడు అక్షరములనగా సీసపుటచ్చులు. ఒక ముద్రాలయమున కూర్చిన పుటను మఱియొకచోటికి మోసికొనిపోయినను "క" అనునది "క"గానే పడెడిది.

కంప్యూటరు కూర్పు వచ్చిన పిదప ఈ భరోసా సడలెను. యంత్రము అక్షరము నెఱుగదు, అంకెనే యెఱుగును. అను, శ్రీలిపి మొదలగు పద్ధతులు ఆంగ్లాక్షరములకై యేర్పడిన 256 గదులలోనే మన తలకట్లను, గుడులను, ఒత్తులను ఎవరి క్రమమున వారు ఇమిడ్చిరి. కావున ఒక పద్ధతిలో కూర్చిన గ్రామచరిత్రము, ఆ ఫాంటు లేని యంత్రమున అర్థములేని గుర్తుల కుప్పయగును. 1993లో వెలువడిన పీడీఎఫ్ పుట రూపమును నిలిపినదేగాని, లోపలి అంకెల చిక్కును విప్పలేదు.

విప్పినది యూనికోడు. 1991లో వెలువడిన దాని తొలికూర్పే తెలుగునకు 128 స్థానముల నిచ్చెను. దాని లెక్కలో "క" ఏ దేశమందైనను 3093.

పామిడిముక్కల పెద్దలారా! మీ దేవాలయ చరిత్రములు, వంశవృక్షములు పాతకూర్పులో నున్నచో, వానిని చదువగల యంత్రములు మిగిలియుండగనే యూనికోడునకు మార్పింపుడు. మార్పునందు ఒత్తులు తాఱుమాఱగుట కలదు. కావున అచ్చుప్రతితో తప్పక సరిచూచుకొనుడు.