లీక్: చలికాలం దాటించిన పంట

లీక్ ఉల్లి, వెల్లుల్లి జాతికి చెందిన కూరగాయే గాని, వాటిలా గడ్డ ఊరదు. ఆకుల మొదళ్ళు పొరలు పొరలుగా బిగుసుకుని జానెడు పొడవున తెల్లని కాండంలా కనిపిస్తాయి. ఎక్కువగా తినేది ఆ భాగాన్నే. పైకి లావెక్కిన ఉల్లికాడలా ఉన్నా, ఉల్లి ఆకు బోలుగా గొట్టంలా ఉంటుంది. లీక్ ఆకు పట్టీలా పరుచుకుని నడుమ మడతపడి ఉంటుంది. ఘాటు తక్కువ, ఉడికితే కాస్త తీపి.

దీని అడవి మూలాలు మధ్యధరా తీరంలోనూ పశ్చిమాసియాలోనూ ఉన్నాయి. సుమారు 3,700 ఏళ్ళ కిందటి బాబిలోనియా మట్టిపలకల మీద రాసిన వంటల్లో లీక్‌నూ వెల్లుల్లినీ కలిపి నూరి మాంసపు పులుసులో వేయడం పదేపదే కనిపిస్తుంది. ఈజిప్టు విడిచి ఎడారి పట్టిన ఇశ్రాయేలీయులు తలచుకుని వాపోయిన తిండిలో లీక్ కూడా ఉందని బైబిలు సంఖ్యాకాండం చెబుతుంది. మేలైన లీక్ ఈజిప్టుదేనని రోమన్ రచయిత ప్లినీ తీర్పు. నీరో చక్రవర్తి గొంతు బాగుండాలని నెలలో కొన్ని రోజులు రొట్టె సైతం మాని, నూనెతో లీక్ మాత్రమే తినేవాడని రాసింది కూడా ఆయనే. ఆ పథ్యం వల్ల గాత్రం మెరుగైందో లేదో వినాల్సి వచ్చినవాళ్ళకే తెలియాలి.

మధ్యధరా ప్రాంతంలో పుట్టినా లీక్‌కు అసలైన గిరాకీ ఏర్పడింది ఉత్తర ఐరోపాలో. 8వ శతాబ్దం చివర పశ్చిమ ఐరోపాను ఏలిన షార్లమేన్ రాజు కాలంలో రాజ తోటల్లో పెంచవలసిన మొక్కల జాబితా ఒకటి తయారైంది. అందులో లీక్ ఉంది. కారణం రుచి ఒక్కటే కాదు. వసంతంలో నారు పోసి, వేసవిలో నాటిన లీక్ శీతాకాలపు మంచులోనూ మట్టిలో చెక్కుచెదరకుండా నిలుస్తుంది. కోసి దాచే పని లేదు, కావలసినప్పుడు పీక్కోవడమే. పాత పంట అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని ఫిబ్రవరి, మార్చి నెలల్లో పేదల గంజికుండలో పడే పచ్చిది ఇదే. మాంసం మానే క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసమూ ఆ రోజుల్లోనే వస్తుంది. కాడ తెల్లగా, మెత్తగా రావాలంటే ఎండ తగలకూడదు. అందుకే లోతు గుంటల్లో నారు నాటి, మొక్క ఎదిగేకొద్దీ మొదళ్ళకు మట్టి ఎగదోస్తారు. ఆ పొడవాటి తెల్లదనం చాలా వరకు రైతు కష్టమే.

ఈ పేదల కూరకు వేల్స్‌లో జాతి చిహ్నమయ్యే యోగం పట్టింది. సాక్సన్లతో జరిగిన ఒక పోరులో తమవారిని గుర్తుపట్టేందుకు వెల్ష్ సైనికులు లీక్‌ను టోపీల్లో పెట్టుకున్నారని ఐతిహ్యం. దానికి చారిత్రక ఆధారం లేదు. అయితే మార్చి 1న, వేల్స్ రక్షక సంతుడైన సెయింట్ డేవిడ్ దినాన లీక్ ధరించే ఆచారం షేక్‌స్పియర్ నాటికే అందరికీ తెలిసినది. ఆయన ‘ఐదవ హెన్రీ’ నాటకంలో, లీక్‌ను ఎగతాళి చేసిన పిస్టల్ అనే పాత్ర చేత వెల్ష్ సేనాని ఫ్లూయెలెన్ దాన్ని పచ్చిగా తినిపిస్తాడు. 1915లో ఏర్పడిన వెల్ష్ గార్డ్స్ దళం టోపీ బిళ్ళ మీదా లీకే ఉంది.

ఇంగ్లండు ఈశాన్యంలోని నార్తంబర్లండ్, డరమ్ బొగ్గుగనుల ఊళ్ళలో దీని కథ ఇంకో దారి పట్టింది. అక్కడ కార్మికులు పెరటి మడుల్లో పొట్టిగా, తొడంత లావుగా పెరిగే పాట్ లీక్‌ను పోటీల కోసం సాకారు. మొదలు నుంచి ఆకులు విడివడే చోటు దాకా 6 అంగుళాలు మించకూడదు. ఆపైన ఘనపరిమాణాన్ని బట్టి గెలుపు. కార్మికుల క్లబ్బుల్లో ఇంటి సామాను బహుమతులుగా ఇచ్చేవారు. అందుకే ఎరువు రహస్యాలు తండ్రి నుంచి కొడుక్కే అందేవి. పోటీ దగ్గరపడితే, పగవాడు వచ్చి మొక్కలు కోసేస్తాడేమోనని రాత్రుళ్ళు కాపలా కాసేవారు. గనులు మూతపడ్డా ఈ పోటీలు పూర్తిగా ఆగలేదు.

పోషకాల లెక్కకు వస్తే లీక్ అద్భుతమేమీ కాదు, అలాగని తీసిపారేయదగ్గదీ కాదు. 100 గ్రాముల పచ్చి లీక్‌లో సుమారు 83 గ్రాములు నీరే. శక్తి 61 కిలోకేలరీలు, పీచు 2 గ్రాముల లోపు, ఇనుము 2 మిల్లీగ్రాములు, ఫోలేట్ 64 మైక్రోగ్రాములు, విటమిన్ కె 47 మైక్రోగ్రాములు, విటమిన్ సి 12 మిల్లీగ్రాములు. విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ వ్యాధి రాకుండా రోజుకు 10 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలు. ఉడికిస్తే అందులో కొంత పోతుంది, కొంత నీళ్ళలోకి దిగుతుంది. గంజితో సహా తాగిన పాతకాలపు పేదలకు ఆ దిగినది దక్కేది. ఉప్పు మాంసం, ఎండు గింజల మీద చలికాలం గడిపినవారికి అది చిన్న లాభం కాదు. లీక్‌లోని ఇన్యులిన్ అనే పీచు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులకు ఆహారం; కొందరికి మాత్రం కడుపుబ్బరం తెస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారు విటమిన్ కె కారణంగా దీన్ని ఒక్కసారిగా పెంచి తినకూడదు.

ఉష్ణమండలంలో లీక్‌కు కొండల చల్లదనం కావాలి. శ్రీలంకలో నువర ఎలియ కొండలపై పండి, అక్కడి ఇళ్ళలో రోజువారీ కూరగా మారింది. తెలుగు నగరాల్లో మాత్రం ఇంకా సూపర్‌మార్కెట్ల ఖరీదైన సరుకే. కొన్నవారు ముందు నిలువునా చీల్చి పొరల్లోని మట్టి కడుక్కోవాలి. తెల్ల కాడ ఉంచుకుని పచ్చ ఆకు పారేయడం నష్టం. కెరోటిన్ ఎక్కువగా ఉండేది అందులోనే, సన్నగా తరిగి పప్పులో వేసుకోవచ్చు.