కారవాన్‌లో, కారులో ఏసీ వేసుకుని పడుకుంటున్నారా? కార్బన్ మోనాక్సైడ్‌తో జాగ్రత్త

2024 డిసెంబర్‌లో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆగి ఉన్న ఓ కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని ఆ తర్వాత జరిపిన పరీక్షల్లో తేలింది.

ఒకప్పుడు సినిమా షూటింగుల దగ్గరే కనిపించిన కారవాన్లు ఇప్పుడు ఫ్యామిలీ టూర్లకూ అద్దెకు దొరుకుతున్నాయి. కారవాన్ ఎక్కకపోయినా ఈ ముప్పు ఉంటుంది. హైవే పక్కన కారు ఆపి ఏసీలో కునుకు తీసేవారు, సెల్లార్‌లో ఇంజిన్ ఆన్‌లో ఉంచి పడుకునే డ్రైవర్లు కూడా ఈ జాగ్రత్తలు తెలుసుకోవాలి.

ఏమిటీ వాయువు?

పెట్రోల్, డీజిల్, సీఎన్‌జీ, వంటగ్యాస్, బొగ్గు, కట్టెలు పూర్తిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగు, వాసన, రుచి లేవు. పొగ వాసన రావడం లేదు కాబట్టి ప్రమాదం లేదనుకోవద్దు.

మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. దాంతో ఊపిరి ఆడుతున్నా మెదడుకు, గుండెకు ఆక్సిజన్ అందదు. నిద్రలో ఉన్నవారు లక్షణాలు గుర్తించకుండానే స్పృహ కోల్పోవచ్చు.

ఆగిన బండిలోకి ఎలా వస్తుంది?

బండి కదులుతున్నప్పుడు పొగ వెనక్కి పోతుంది. ఆగినప్పుడు చుట్టూనే పేరుకుంటుంది. సైలెన్సర్ పైపుకు చిల్లు పడినా, జాయింట్లు వదులైనా, ఫ్లోర్‌లో వైర్లు, పైపుల కోసం చేసిన రంధ్రాలు మూయకపోయినా లోపలికి దారి దొరుకుతుంది. సైలెన్సర్ మూతికి మట్టి, మంచు అడ్డుపడినా, బండిని గోడకు ఆనించి ఆపినా ప్రమాదమే. పక్కన ఆగిన లారీ పొగ కూడా మీ బండిలోకి రావచ్చు.

ఏసీని రీసర్క్యులేషన్‌లో పెట్టినా రక్షణ ఉండదు. లోపలికి చేరిన వాయువును అది బయటకు పంపదు. కిటికీ అద్దం రెండు అంగుళాలు దించితే చాలన్నది కూడా అపోహే. ఒక్కోసారి ఆ సందులోంచే పొగ వస్తుంది. డిక్కీ తలుపు తెరిచి నడిపితే సైలెన్సర్ పొగ లోపలికి లాగేస్తుంది.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అనుకోవద్దు. ఆ పరీక్ష సైలెన్సర్ నుంచి వచ్చే పొగను కొలుస్తుంది తప్ప, బండి లోపలికి లీకవుతోందో లేదో చెప్పదు.

ఇలా గుర్తించండి

తలనొప్పి, తల తిరగడం, వాంతులు, నీరసం, అయోమయం, ఛాతీ నొప్పి దీని లక్షణాలు. ప్రయాణ బడలిక అనో, ఫుడ్ పాయిజనింగ్ అనో పొరబడే వీలుంది. బండిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చినా, బయటికి దిగగానే కాస్త తగ్గినా వెంటనే అనుమానించండి. గర్భిణులకు, చిన్నపిల్లలకు, గుండె జబ్బులున్నవారికి ముప్పు ఎక్కువ.

పల్స్ ఆక్సీమీటర్‌ను నమ్మొద్దు. హిమోగ్లోబిన్‌కు అతుక్కున్నది ఆక్సిజనో, కార్బన్ మోనాక్సైడో మామూలు ఆక్సీమీటర్ తేడా చెప్పలేదు. మనిషి ప్రమాదంలో ఉన్నా 98 చూపించవచ్చు.

పడుకునే ముందు

• ఇంజిన్, జనరేటర్ ఆపేయండి. ఏసీ తప్పనిసరైతే కరెంటు ప్లగ్ పాయింట్ ఉన్న చోట బండి ఆపుకోండి.
• పోర్టబుల్ జనరేటర్‌ను బండికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ అవతలికి పోయేలా పెట్టండి. బండి కింద, డిక్కీలో పెట్టొద్దు.
• సెల్లార్‌లో, షెడ్డులో ఇంజిన్ ఆన్‌లో ఉంచి కూర్చోవద్దు.
• లంబసింగి, అరకు లాంటి చలి ప్రాంతాల్లో బొగ్గుల కుంపటిని బండిలోకి, టెంట్‌లోకి తేవద్దు. మంట ఆరినా నిప్పుల నుంచి వాయువు వస్తూనే ఉంటుంది.
• గ్యాస్ స్టవ్‌ను వంటకే వాడండి, చలి కాచుకోవడానికి కాదు. వండేటప్పుడు కిటికీ, వెంట్ తెరవండి.

అద్దెకు తీసుకుంటే ఇవి అడగండి

జనరేటర్ ఎక్కడ బిగించారు? దాని పొగ ఎటు పోతుంది? సైలెన్సర్, ఫ్లోర్ చివరిసారి ఎప్పుడు చెక్ చేయించారు? కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? చివరి ప్రశ్నకు లేదని జవాబు వస్తే బ్యాటరీతో పనిచేసే అలారం మీరే కొని తీసుకెళ్లండి.

కారవాన్లు, బోట్ల కోసం తయారైన అలారాలపై 'ఈఎన్ 50291-2' అనే ప్రమాణం ఉంటుంది. స్మోక్ అలారం, గ్యాస్ లీక్ అలారం ఈ వాయువును పసిగట్టలేవు. అలారాన్ని పడుకునే చోటుకు దగ్గరగా పెట్టి, బయల్దేరే ముందు టెస్ట్ బటన్ నొక్కి చూడండి. సెన్సర్‌కు ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, గడువు దాటితే కొత్తది కొనాలి.

అలారం మోగితే, ఎవరైనా పడిపోతే

అందరినీ వెంటనే బయటి గాలిలోకి తీసుకురండి. తలుపులు తెరిచి, వీలైతే ఇంజిన్, జనరేటర్ ఆపండి. 108కి గానీ, 112కి గానీ ఫోన్ చేసి 'కార్బన్ మోనాక్సైడ్ పీల్చారని అనుమానం' అని స్పష్టంగా చెప్పండి. శ్వాస ఆగితే, సీపీఆర్ తెలిసినవారు మొదలుపెట్టాలి.

తేరుకున్నట్టు కనిపించినా ఆస్పత్రికి వెళ్లాలి. మామూలు గాలి పీలుస్తుంటే రక్తంలోని ఈ వాయువు సగానికి తగ్గడానికి 4 నుంచి 5 గంటలు పడుతుంది. మాస్క్‌తో 100 శాతం ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలోనే సగానికి తగ్గుతుంది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత సమస్యలు కొన్ని వారాల తర్వాత కూడా బయటపడొచ్చు. అలాంటప్పుడు డాక్టర్‌కు ఈ సంఘటన గురించి తప్పకుండా చెప్పండి.

ఆ బండిని మెకానిక్ చూసి, లీక్ ఎక్కడో కనిపెట్టి సరిచేసేవరకు అందులో ఎవరూ పడుకోవద్దు.