గుర్రపుశాల గోడమీద తొలి చిత్రం

చిత్రకళకు గురువు ఎవరు? ఈ ప్రశ్న ఎదురైనప్పుడల్లా నాకు ఆబ్రహాం కూపర్ గుర్తుకు వస్తాడు. 1787లో లండన్ నగరంలో ఒక పొగాకు వ్యాపారి ఇంట పుట్టిన ఈయన పదమూడేళ్ళకే ఆస్ట్లీ ప్రదర్శనశాలలో పనికి కుదిరాడు.

సర్కస్ అనగానే మనకు వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు తలపుకు వస్తారు. ఆ వినోదానికి ఆధునిక రూపం దిద్దినవాడు ఫిలిప్ ఆస్ట్లీ. ఆశ్వికదళంలో పనిచేసి వచ్చి, 1768లో లండన్‌లో గుర్రపుస్వారీ విన్యాసాల ప్రదర్శనలు ప్రారంభించాడు. ఆయన పెట్టిన శాలలోనే కూపర్ బాల్యం గడిచింది.

తరువాత హెన్రీ మ్యూ అనే ధనికుని వద్ద గుర్రాలను సాకే పనిలో చేరాడు. దాణా పెట్టడం, మాలీసు చేయడం, నడకలోని తేడాను బట్టి నొప్పి ఎక్కడుందో పసిగట్టడం, ఇదే అతని విద్య. తన చేతికింద పెరుగుతున్న ఒక గుర్రమంటే అతనికి ప్రాణం. దాని చిత్రం తనవద్ద ఉండాలన్న కోరిక కలిగింది. ఇరవై రెండేళ్ళ వయసులో, రంగుల వాడకం నేర్పే పుస్తకం ఒకటి కొని, గుర్రపుశాల గోడకు కాన్వాసు తగిలించి, తానే వేశాడు. యజమాని ఆ చిత్రాన్ని కొని, ఇంకా వేయమని ప్రోత్సహించాడు. గుర్రాల చిత్రకారుడు బెంజమిన్ మార్షల్ అతనిని తన చిత్రశాలలో చేర్చుకున్నాడు. 1820 నాటికి ఆ గుర్రాల పనివాడు రాయల్ అకాడమీ సభ్యుడు!

ఇతడొక్కడే కాదు. దూరప్రయాణపు గుర్రపుబళ్ళు తోలిన జాన్ ఫ్రెడరిక్ హెరింగ్ (1795–1865) సత్రాల పేరుపలకలకు రంగులు వేస్తూ మొదలుపెట్టి, కూపర్ చిత్రశాలలో మెరుగులు దిద్దుకుని, విక్టోరియా రాణి కోసం కూడా గుర్రాలను చిత్రించాడు. కళ్ళెం పట్టిన చేతికి కండరం ఎక్కడ బిగుస్తుందో వేరే చెప్పనక్కరలేదు కదా.

మనకూ అశ్వవిద్య లేకపోలేదు. మనుమంచిభట్టు 'హయలక్షణ విలాసము' అనే కావ్యమే రచించాడు. అయితే అది పండితుని విద్య. నిన్నమొన్నటి వరకు మన ఊళ్ళలో జట్కా తోలినవారికి తెలిసిన గుర్రం వేరు. ఆ తెలివి చేతినుండి చేతికి అందినదే గాని కాగితానికి ఎక్కలేదు.

మా పలాసలో జీడిపప్పు ఏరే స్త్రీలు చూపుతోనే గుండును, బద్దను వేరుచేస్తారు. టెక్కలి సంతలో ఎద్దును చూసే రైతుదీ, ఉద్దానం తీరాన నీటి రంగును బట్టి వల వేసే మత్స్యకారునిదీ అటువంటి చూపే. అది చిత్రకారుని చూపుకు ఏమాత్రం తీసిపోదని నా నమ్మకం.

కూపర్‌కు అదనంగా దొరికినవి రెండే: కొనగలిగిన ఒక పుస్తకం, తొలి చిత్రాన్ని కొన్న ఒక మనిషి. ప్రతిభ అరుదైనదని మనం అనుకుంటాం. నాకు మాత్రం ఆ రెండే అరుదనిపిస్తుంది.