మూడు తాళముల పెట్టె

మన పాత దేవాలయములలో ఆరాధన ముగిసిన పిదప గురువుగారు అంగీ మార్చుకొనుటకును, పెద్దలు కానుకలు లెక్కించుటకును ఒక చిన్నగది యుండును. దానిని వెస్ట్రీ అందుము. ఈ మాట మనకు ఇంగ్లండునుండి వచ్చినది. ఆరాధన వస్త్రములు భద్రపరచు గది అని దాని అర్థము. అయితే ఇంగ్లండు పల్లెలలో దానికి మరియొక అర్థము కూడ కలిగెను. ఊరివారు ఆ గదిలో కూడి ఊరి పనులు మాటలాడుకొనుచుండిరి గనుక, క్రమముగా ఆ సభకే వెస్ట్రీ అను పేరు నిలిచెను. అంగీలు వ్రేలాడు గది ఊరి కచేరి ఆయెను. ఆ కచేరి యెట్లు పుట్టెనో, యెట్లు చెడెనో, గురువు చేతిలోనుండి యెట్లు జారిపోయెనో, నేడు ఆ పని యెవరు చేయుచున్నారో ఈ వ్యాసములో చెప్పదలచితిని. ఇది పరదేశపు కథయే. కాని కమిటీ బల్లయొద్ద కూర్చున్న ప్రతివారికిని ఇందులో తమ ముఖము కనబడును. నాకు కనబడినది.

పారిష్ అనగా ఒక దేవాలయము, ఒక గురువు, అతని పోషణలోనున్న పల్లె. 16వ శతాబ్దమున ఇంగ్లండు ప్రభుత్వము ఊరి పనులను ఒక్కొక్కటిగా ఈ పారిష్ భుజములమీద పెట్టెను. 1555లో బాటల చట్టము వచ్చెను. ప్రతి పారిష్ తన పొలిమేరలోని బాటలను తానే బాగుచేసికొనవలెను. అందుకై ఊరివారు ఏటికి 4 దినములు కూలి లేక పనిచేయవలెను. 1563లో ఆ 4 దినములు 6 ఆయెను. 1601లో బీదల పోషణ చట్టము వచ్చెను. చర్చి వార్డెన్లును, ఓవర్సీర్లు అనబడిన ఊరి పెద్దలును ఇంటింట పన్ను వసూలుచేసి, ముసలివారిని, కుంటివారిని, గ్రుడ్డివారిని పోషింపవలెను. బీదల పిల్లలను పని నేర్చుకొనుటకు పెట్టవలెను. బలముగలవారికి పని చూపవలెను. ఈ పెద్దలకు జీతము లేదు. వంతు వచ్చిన వాడు ఒక యేడు ఆ భారము మోయవలసినదే.

ఈ పనులన్నిటి కాగితములు ఒక పెట్టెలో నుండెను. బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిష్టర్లను మూడు తాళములుగల పెట్టెలో భద్రపరచవలెనని 1603-04 సంవత్సరపు సంఘ నిబంధనలు విధించినవి. ఒక తాళపుచెవి గురువుయొద్ద, తక్కిన రెండును ఇద్దరు వార్డెన్లయొద్ద నుండవలెను. బీదల కానుకపెట్టెకు కూడ అట్లే మూడు తాళపుచెవులు. ముగ్గురును కూడి వచ్చిననే గాని పెట్టె తెరవబడదు. ఎంత జ్ఞానముగల యేర్పాటో చూడుడి! గురువు దొంగయని దాని భావము కాదు. ఎంత మంచివానికైనను ఒంటరిగా తాళపుచెవి యిచ్చుట అతనికి మేలు కాదని దాని భావము.

అయినను పెట్టెకు మూడు తాళములు వేసినంతమాత్రమున హృదయములకు తాళము పడలేదు. కాలము గడచినకొలది వెస్ట్రీ సభవారు బీదలను పోషించుటకంటె పన్ను తగ్గించుటయందే ఎక్కువ శ్రద్ధ చూపిరి. 1662లో ఒక చట్టము వచ్చెను. ఏటికి 10 పౌనులకు తక్కువ అద్దె యింట క్రొత్తగా దిగినవాడు ఊరికి భారము కాగలడని ఓవర్సీర్లకు తోచినయెడల, 40 దినములలో ఫిర్యాదుచేసి వానిని స్వగ్రామమునకు పంపివేయవచ్చును. బిడ్డ తమ పొలిమేరలో పుట్టినయెడల తమ పన్నుమీద పడునను భయముచేత, నిండు గర్భిణులను సయితము ప్రక్క పారిష్‌లోనికి తరలించిన పారిష్‌లు కలవు. బేత్లెహేములో సత్రమున స్థలము లేకపోయిన సంగతిని ప్రతి క్రిస్మసునకు విన్నవారే ఈ పని చేసిరి.

1697లో మరియొక చట్టము వచ్చెను. పారిష్ సహాయము పుచ్చుకొనువాడు తన అంగీ కుడిభుజముమీద ఎఱ్ఱని లేక నీలి గుడ్డతో కుట్టిన పి అను అక్షరమును ధరింపవలెను. దానితోకూడ ఊరి పేరు మొదటి అక్షరము నుండవలెను. పి అనగా పాపర్, బిచ్చపువాడు. భార్యయు, పిల్లలును కూడ అది ధరింపవలెను. 1810 వరకు ఈ చట్టము రద్దు కాలేదు. తరువాత 1818లో వచ్చిన చట్టమువలన వెస్ట్రీ సభలో ఓట్లుకూడ ఆస్తినిబట్టి లెక్కింపబడెను. చిన్న ఆస్తిగలవానికి ఒక ఓటు. ఆస్తి పెరిగినకొలది ఓట్లు పెరిగి, భూస్వామికి 6 ఓట్లు. ఆ సభకు గురువే హక్కుగా అధ్యక్షుడు. ఒక ప్రక్క బీదవాని భుజముమీద అక్షరము, మరియొక ప్రక్క ధనవంతుని చేతిలో 6 ఓట్లు, నడుమ కుర్చీలో గురువు. ఈ చిత్రమును మనస్సున నుంచుకొనుడి. 1834లో బీదల పోషణ వెస్ట్రీ చేతిలోనుండి తీసివేయబడి, అనేక పారిష్‌లు కలిసిన యూనియనుల వశమాయెను.

వార్విక్‌షైరులో బార్ఫర్డ్ అను పల్లె కలదు. అక్కడ 1826లో జోసెఫ్ ఆర్చ్ అను కూలివాని కుమారుడు పుట్టెను. అతడు వృద్ధాప్యమున వ్రాసిన జీవితచరిత్ర 1898లో అచ్చుపడెను. అందులో ఒక సంగతి నేను చదివినప్పుడు పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని. ఏడేండ్ల ప్రాయమున అతడు ప్రభురాత్రి భోజన సమయమున వెలుపల నిలిచి, దేవాలయపు తలుపు తాళపురంధ్రముగుండ లోపలికి చూచెను. మొదట భూస్వామి ఒక్కడే బల్లయొద్దకు పోయెను. తరువాత పెద్ద రైతులు, ఆ తరువాత వర్తకులు, అందరికంటె వెనుక తన తండ్రివంటి కూలివారు. ప్రభువు బల్లయొద్ద కూడ వెస్ట్రీ ఓట్ల వరుసయే! ఆ బాలుడు పెరిగి ప్రిమిటివ్ మెతడిస్టు బోధకుడాయెను. 1872 ఫిబ్రవరిలో వెల్స్‌బర్న్ గ్రామమున ఒక చెట్టుక్రింద పొలపు కూలీలతో మాటలాడెను. ఆ యేడే వారి జాతీయ సంఘమునకు నాయకుడాయెను. 1884లో పల్లె కూలీలకు పార్లమెంటు ఓటు వచ్చెను. 1885లో ఆర్చ్ పార్లమెంటు సభ్యుడాయెను.

సమాధిస్థలము సంగతి కూడ చెప్పవలెను. ఊరికి అది ఒక్కటే సమాధిస్థలమైనను, 1880 వరకు ఆ నేలలో ఇంగ్లండు సంఘపు ఆరాధనక్రమము తప్ప వేరొకటి జరుగుటకు వీలులేకపోయెను. బాప్తిస్ట్, మెతడిస్టు గృహస్థులు తమ మృతులను తమ బోధకుని ప్రార్థనతో సమాధిచేసికొనలేకపోయిరి. ఆ యేటి చట్టము 48 గంటల ముందు తెలియజేసి తమ క్రమమున సమాధిచేయు హక్కును వారికిచ్చెను. దుఃఖములోనున్న తల్లిని గుమ్మమునొద్ద నిలిపిన సంఘము ఊరి ప్రేమను పోగొట్టుకొనుటలో ఆశ్చర్యమేమున్నది?

1894 మార్చి 5న స్థానిక ప్రభుత్వ చట్టము ఆమోదింపబడెను. దానిని పార్లమెంటులో నడిపిన హెన్రీ ఫౌలర్ ఒక వెస్లియన్ బోధకుని కుమారుడు. 84 ఏండ్ల గ్లాడ్‌స్టన్ ప్రధానమంత్రిగా మార్చి 1న తన కడపటి ప్రసంగము చేసినది ఈ బిల్లునకు ప్రభువుల సభ తెచ్చిన సవరణలమీదనే. ఈ చట్టమువలన 300 మంది జనముగల ప్రతి పల్లె పారిష్‌నకు ఎన్నికచేయబడిన కౌన్సిలు కలిగెను. సభ్యులు 5 మొదలు 15 వరకు. స్త్రీలు, వివాహితలుకూడ, సభ్యులుగా నుండవచ్చును. గురువు హక్కుగా అధ్యక్షుడు కాడు. ఊరివారు కోరుకొనిననే సభ్యుడగును. ఆ డిసెంబరులో జరిగిన మొదటి ఎన్నికలలో సాధారణముగా చేతులెత్తి ఓటు వేసిరి.

చట్టములోని చిన్న చిన్న నియమములు చదువగా దానిని వ్రాసినవారు కూలివానిని యెరిగినవారని తెలియుచున్నది. ఊరివారందరి సభ సాయంకాలము 6 గంటలకు ముందు మొదలుపెట్టకూడదు. ఏలయనగా కూలివాడు పొలమునుండి రావలెను. వేరొక తగిన గది దొరకినయెడల మద్యశాలలో సభ కూడకూడదు. పౌనుకు 3 పెన్నీలకంటె ఎక్కువ ఖర్చుచేయవలెనన్న ఊరి సభ అనుమతి కావలెను. అప్పుడైనను 6 పెన్నీలు దాటకూడదు. కూలీలకు కూరగాయల మడులకై నేల కౌలునకు తీసికొనవచ్చును. పెట్టె సంగతి కూడ ఆ చట్టము మరువలేదు. బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిష్టర్లు గురువుయొద్దనే యుండవలెను. ఊరి లెక్కలు, పటములు, పత్రములు కౌన్సిలు చెప్పినచోట నుండవలెను. ఇట్లు మూడు తాళముల పెట్టెలోని కాగితములు రెండు పాళ్లాయెను.

నేటికిని ఇంగ్లండులో ఇట్టివి సుమారు 10,000 కౌన్సిళ్లు కలవు. ఇప్పుడు వాటిని నడుపునది ముఖ్యముగా 1972 చట్టము. ఒక సాయంకాలపు సభ యెట్లుండునో చూతము. మూడు పూర్తి దినముల ముందే ఎజెండా ఊరి బోర్డుమీద అంటించెదరు. హాలులో మడత కుర్చీలు వేసెదరు. మూడవ వంతు సభ్యులు, తక్కువలో తక్కువ ముగ్గురు వచ్చిననే కోరము. ఏ సంగతిలో ఎవరికి స్వలాభమున్నదో వారు ముందుగా చెప్పవలెను. గత సభ మినిట్సు చదివి సంతకము చేసెదరు. తరువాత పనులు: ఎవరి కంచెయో పెరిగి కాలిబాటను మూసినది, వీధిదీపము వెలుగుట లేదు, బస్సు నీడపందిరి కారుచున్నది, సమాధిస్థలమున గడ్డి కోయించవలెను, క్రొత్త యింటి ప్లానుమీద అభిప్రాయము చెప్పవలెను, చెప్పుట వరకే గాని తీర్పు పై అధికారులది. ఆరుగురు ఓటర్లు కలిసి మడులకై వ్రాసి అడిగినయెడల, 1908 చట్టము చొప్పున ఆ మనవిని ఆలోచింపక త్రోసివేయరాదు. కడపట క్లార్కు బిల్లులు చదువును. చెల్లింపు ప్రతిదియు సభ యెదుట ఆమోదింపబడును. సభ్యులలో చాలమంది జీతము లేకయే పనిచేయుదురు. చప్పట్లును లేవు. మన గ్రామసభలకును, పంచాయతీలకును 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ఇచ్చిన పనులు ఇట్టివే గదా.

ఈ సభలలో ప్రార్థన చేయవచ్చునా అను ప్రశ్నకూడ వచ్చెను. సభ కార్యక్రమములో ప్రార్థన చేర్చు అధికారము కౌన్సిలునకు లేదని 2012లో బిడెఫర్డ్ పట్టణపు వ్యాజ్యములో హైకోర్టు తీర్పు చెప్పెను. 2015లో పార్లమెంటు చట్టముచేసి ఆ అధికారమును ఇచ్చెను. చేయవలెనను బలవంతము మాత్రము లేదు. నా మట్టుకు నాకు, బిల్లులు సరిగా చదివి, కంచె కొట్టించి, దీపము వెలిగించు సభ ప్రార్థనకు పాత్రమైనది. బీదవాని భుజముమీద అక్షరము కుట్టించి ప్రార్థించు సభకంటె ప్రార్థన మరచిన సభ మేలు.

ఇది ఇతరులకు చెప్పుట సులభము. నా సంగతియు చెప్పవలెను. నా మొదటి పాస్టరేటులో నేను సెమినరీనుండి క్రొత్తగా వచ్చినవాడను. ప్రసంగమే గురువు పని, లెక్కలు గుమాస్తా పని అని తలంచితిని. విధవరాండ్ర సహాయపు నిధి యొకటి యుండెను. ఆ పెట్టెకు తాళము ఒక్కటే, చెవి నాయొద్దనే. కన్వెన్షను ప్రసంగముల తొందరలో రెండు నెలలు కమిటీ కూడనియ్యలేదు. ఒక సాయంకాలము ఒక ముసలామె మా గుమ్మమునకు వచ్చి, “అయ్యగారూ, నామీద కమిటీవారికి ఏమైనా కోపము వచ్చినదా?” అని అడిగెను. తన డబ్బు ఆగినందుకు తననే తప్పుపట్టుకొనుచున్నది! ఆ రెండు నెలలు ఆమె ఏమి తినెనో నేను అడుగలేదు. అడుగుటకు ధైర్యము చాలలేదు. బార్ఫర్డ్ బాలుడు తాళపురంధ్రములో చూచిన దృశ్యమును చదివినప్పుడు, ఈ ముసలామె కూడ నా తలుపునొద్ద నిలిచి చూచుచున్నట్లు నాకు తోచెను.

యెరూషలేము సంఘములో కూడ మొదటి సణుగు విధవరాండ్ర దినదిన పోషణనుగూర్చియే పుట్టెను. అపొస్తలులు ఆ సణుగును తక్కువచేయలేదు. తామే పట్టుకొని కూర్చుండలేదు. మంచి పేరుగల యేడుగురిని సంఘమే యేర్పరచుకొనునట్లు చేసిరి. తాళపుచెవిని ఇతరుల చేతికిచ్చుటవలన వారి ఘనత తగ్గలేదు. ఇంగ్లండు గురువులు ఇట్లు తామే యిచ్చియుండినయెడల, 1894లో చట్టము వచ్చి తీసికొనవలసిన పని యుండెడిది కాదు.

గనుక సహోదరులారా, ఈ నెల మీ కమిటీ కూడునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడి. కూలికి పోవువారు రాగలిగిన గంటకే సభ పెట్టితిమా? సహాయము పుచ్చుకొనువారి భుజముమీద, గుడ్డతో కాకపోయినను మన మాటలతో, ఏదైన అక్షరము కుట్టితిమా? మన పెట్టెకు తాళములు ఎన్ని, చెవులు ఎవరియొద్ద నున్నవి?

ఆ ముసలామె మరణించి చాల యేండ్లాయెను. ఆ తరువాత నేను పనిచేసిన ప్రతి పాస్టరేటులోను, చేరిన మొదటి వారమున ఒక తాళపుచెవి కోశాధికారికిని, ఒకటి స్త్రీల సమాజపు పెద్దకును ఇచ్చుచున్నాను.