కంపైలర్‌నీ ఆడిట్ చెయ్యాల్సిందే

నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరై పుదుచ్చేరిలో ఉంటున్నాను. చదివింది బి.కాం. అయినా కంపైలర్ల చరిత్ర చదువుతుంటే మా ఆడిట్ సూత్రమే కనిపించింది: "ముందే సరిచూశారు" అన్న మాట సాక్ష్యం కాదు.

మనిషి రాసిన ప్రోగ్రాంని ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చేది కంపైలర్. ప్రాసెసర్ ఒక లెక్క చెయ్యగానే ఫలితం సున్నానా, రుణమా, పరిధి దాటిందా అని చిన్న గుర్తులు పెట్టుకుంటుంది. అవే ఫ్లాగులు. 1964 నాటి ఐబీఎం సిస్టం/360లో ఇలాంటి "కండిషన్ కోడ్" ఉంది. 1978 నాటి ఇంటెల్ 8086లోనూ ఫ్లాగులున్నాయి. కూడిక అయ్యాక ఫలితాన్ని మళ్ళీ సున్నాతో పోల్చడం దండగ, ఫ్లాగు చెప్పేసింది కదా అని కంపైలర్ ఆ పోలికని తీసేస్తుంది. పొదుపే!

కానీ ఎప్పుడూ చెల్లుతుందా? 32 బిట్లలో 2147483647కి 1 కలపండి. పరిధి దాటి రుణసంఖ్య వస్తుంది. జావా భాష దీన్ని ఒప్పుకుంటుంది. ఆ ఫలితాన్ని విడిగా సున్నాతో పోలిస్తే "తక్కువ" అని తేలుతుంది. ఇంటెల్ మీద కూడిక మిగిల్చిన ఫ్లాగులనే అడిగితే "తక్కువ కాదు" అంటాయి. ఓవర్‌ఫ్లో ఫ్లాగు కూడా 1 అయి ఉండటమే కారణం. "సున్నానా?" అని అడిగితే మాత్రం రెండు దారుల్లోనూ ఒకే జవాబు. ఒక ప్రశ్నకి పనికొచ్చిన సాక్ష్యం మరో ప్రశ్నకి చెల్లదన్నమాట.

యంత్రం మారితే అర్థమే మారుతుంది. తీసివేతలో అప్పు తెచ్చుకుంటే ఇంటెల్‌లో క్యారీ ఫ్లాగు 1, ఆర్మ్‌లో 0. మా పక్కనే ఐఐటీ మద్రాసులో తయారైన "శక్తి" ప్రాసెసర్లు అనుసరించే రిస్క్-ఫైవ్‌లో పూర్ణాంకాల లెక్కలకి ఇలాంటి ఫ్లాగులే లేవు. కాబట్టి ఒకదానిపై నెగ్గిన పరీక్ష ఇంకోదానికి సర్టిఫికెట్టు కాదు.

మరి పరీక్షించడం ఎలా? ఒకే ప్రోగ్రాంని వేర్వేరు కంపైలర్లకిచ్చి జవాబులు పోల్చే పద్ధతిని 1998లో విలియం మెక్‌కీమన్ వివరించాడు. యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు "సీస్మిత్"తో యాదృచ్ఛికంగా ప్రోగ్రాములు పుట్టించి, మూడేళ్ళలో 325కి పైగా కంపైలర్ తప్పులు పట్టుకున్నామని 2011లో ప్రకటించారు. లోకమంతా నమ్మి వాడే కంపైలర్లూ ఇందులో ఉన్నాయి.

అందరి జవాబూ ఒకటే అయితే అది నిజమేనా? ట్రయల్ బ్యాలెన్సు కుదిరినా పుస్తకాల్లో తప్పులుండొచ్చని కామర్సు విద్యార్థికి తెలుసు. ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు జేవియర్ లెరోయ్ బృందం "కాంప్‌సర్ట్" కంపైలర్‌లో ముఖ్యభాగాలని గణితంతో నిరూపించింది. ఆ నిరూపించిన మధ్యభాగంలో, మిగతా కంపైలర్లలో దొరికిన తరహా తప్పులు సీస్మిత్‌కి దొరకలేదు. నిరూపించని చోట దొరికాయి.

నమ్మకానికీ నిరూపణకీ ఉన్న తేడా ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడ కనిపిస్తుంది?